ఆర్విల్ టెష్ తోమిన బంతులు

ఆ సెప్టెంబరులో మా జట్టు వరసగా మూడు ఆటలు ఓడిపోయింది. ఓడిపోవడం మాకు కొత్త కాదు. కానీ పద్నాలుగేళ్ళు ఒకే మనిషి చేతిలో బంతి పెట్టి నిశ్చింతగా బతికిన ఊరు మాది. ఉన్నట్టుండి ఇరవై మూడేళ్ళ కుర్రాడి చేతిలోంచి అదే బంతి జారిపోతుంటే చూస్తూ ఊరుకుంటుందా? చర్చి మెట్ల మీద అదే మాట, చేపల దుకాణంలో అదే మాట, పళ్ళ డాక్టరు నోట్లో పరికరాలు పెట్టి మాట్లాడేదీ అదే మాట. అన్ని మాటల్లోనూ ఎక్కడా ఆర్విల్ టెష్ పేరు మాత్రం రాలేదు. అలాంటి మనిషి ఒకడు ఉన్నాడని తెలిస్తే కదా!

నాకు తెలుసు. అప్పటికి ఇరవై రెండేళ్ళుగా ఆయన పక్క గదిలో పనిచేస్తున్నాను. నా పేరు నోరీన్ గాట్‌స్కీ. హావెన్స్ పాయింట్ పైలట్స్ జట్టు బట్టలు ఉతకడం నా పని. నా గదికీ ఆర్విల్ గదికీ మధ్య ఒక తలుపు ఉండేది. దాన్ని ఎవరం ఎప్పుడూ వేసినట్టు గుర్తు లేదు. ఇటు నా యంత్రాల మోత, అటు ఆయన బ్రష్షు చప్పుడు.

ఆర్విల్ పని బంతులు తోమడం. వినడానికి అదీ ఒక ఉద్యోగమేనా అనిపిస్తుంది. కానీ మాది అమెరికన్ ఫుట్‌బాల్. అందులో కోడిగుడ్డు ఆకారపు తోలు బంతి ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు మైనం పూసినట్టు జారుడుగా ఉంటుంది. ఎర్రగా, నున్నగా, పట్టు లేకుండా. దాంతో, జట్టుకి బంతి విసిరే ఏ క్వార్టర్‌బాకూ ఆడలేడు. వెనక నుంచి, పక్క నుంచి నూటయాభై కిలోల మనుషులు మీద పడబోతుంటే, బంతి అందుకుని, ఎవరికి విసరాలో మూడు సెకన్లలో తేల్చుకుని, నలభై గజాల దూరంలో పరిగెడుతున్న వాడి గుండెల మీదకి పంపాల్సిన మనిషి అతను. బంతి వేళ్ళకి అతుక్కుని ఉండాలి, వదలమన్నప్పుడు వదలాలి. అందుకని ఆటకి ముందు ఒక్కో బంతినీ బ్రష్షుతో రుద్ది, తడిగుడ్డతో తుడిచి, తోలు నూనె పట్టించి, ఆరబెట్టి, మళ్ళీ రుద్ది, ఆ ఆటగాడి చేతికి కావలసినట్టు మలచాలి. ఆటకి ఇరవై నాలుగు బంతులు. వారమంతా ఆర్విల్‌కి అదే పని.

తోలు ఆయనకి చిన్నప్పటి నుంచీ తెలుసు. రేవు పక్కన పాత తోళ్ళ కార్ఖానా ఉండేది. వాళ్ళ నాన్న అక్కడే పనిచేశాడు. ఆర్విల్ కూడా పద్దెనిమిదో ఏట అక్కడే చేరి, తోలుకి చివరి మెరుగు పెట్టే గదిలో పందొమ్మిదేళ్ళు ఉన్నాడు. కార్ఖానా మూతపడ్డాక ఎవరో చెబితే మా జట్టు సామాను గదిలో పనికి వచ్చాడు. మొదటి రోజే అక్కడున్న బంతుల్లో ఒకటి తీసి, బొటనవేలితో నొక్కి, "ఇది పొట్ట దగ్గరి తోలు. నాలుగు ఆటలకి సాగిపోతుంది, పక్కన పెట్టండి" అన్నాడట. అప్పట్లో ఆ గదికి పెద్ద అయిన గోర్డీ నవ్వి పక్కన పెట్టించాడు. నెల తిరక్కుండా ఆ బంతి గుమ్మడికాయలా ఉబ్బింది. ఇక బంతులన్నీ ఆర్విల్‌కే అప్పగించేశాడు.

ఆ తరవాత కొన్నేళ్ళకి డ్యూయీ హాల్వర్సన్ వచ్చాడు. మా ఊళ్ళో ఏ గోడ మీద చూసినా ఇప్పటికీ అతని బొమ్మే. అతని అరచెయ్యి భోజనం పళ్ళెమంత ఉండేది. అతనికి బంతి మెత్తగా, ముదురు రంగులో, బాగా నలిగిన పాత చేతి తొడుగులా ఉండాలి. నూనె బాగా తాగిన తోలు కావాలి. ఆర్విల్ మూడు రోజులు తోమి తోమి అలాగే చేసిచ్చేవాడు. శుక్రవారం పొద్దున్నే డ్యూయీ తలుపులోంచి తల దూర్చి అడిగేవాడు.

"ఏం ఆర్విల్, ఎన్ని గుడ్లు పెట్టావు ఈ వారం?"

"ఇరవై నాలుగు. పొదగడం నీ వంతు."

అంతే. పద్నాలుగేళ్ళు శుక్రవారం శుక్రవారం అదే జోకు, ఇద్దరూ అప్పుడే విన్నట్టు నవ్వుకునేవాళ్ళు. డ్యూయీ బంతులు ఒక్కొక్కటే ఎత్తి, కళ్ళు మూసుకుని వేళ్ళు తిప్పి, బావుంటే కింద పెట్టేవాడు. బాగోలేనిది నాకు తెలిసి ఒక్కటీ లేదు. ఆ చేతులతో ఆ బంతులతో ఒకసారి మేం అందరికన్నా పైన నిలిచాం కూడా. అందుకు ఊరంతా ఊరేగింపు తీసిన రోజున ఆర్విల్ గదిలో కూర్చుని వచ్చే ఏటి బ్రష్షులు కడుక్కున్నాడు. "ఊరేగింపులో నేనేం చేస్తాను, చెయ్యి ఊపుతానా?" అన్నాడు.

డ్యూయీ మోకాళ్ళు పాడయ్యాయి. ఒక ఫిబ్రవరిలో ఇక ఆడలేనని చెప్పి పశ్చిమాన కొండల్లో ఇల్లు కట్టుకుని వెళ్ళిపోయాడు. ఆర్విల్ భార్య వెర్లా ఒకరోజు నాతో చెప్పింది, "మా ఆయన శుక్రవారాలు అన్నం సరిగ్గా తినడం లేదు" అని.

ఏప్రిల్‌లో కొత్త క్వార్టర్‌బాక్ వచ్చాడు. పేరు ఏబెల్ ట్రెవిన్యో. పశ్చిమ టెక్సస్‌లో పత్తి చేల మధ్య పెరిగిన కుర్రాడు. సన్నగా, పొడుగ్గా, చూడ్డానికి బడి పంతులులా ఉండేవాడు. మర్యాద అంటే అలాంటిలాంటి మర్యాద కాదు. బట్టలు తెచ్చి నా బుట్టలో పడెయ్యకుండా మడిచి పెట్టేవాడు. నన్ను "మేడమ్" అనేవాడు. ఇరవై రెండేళ్ళలో అంతకు ముందెవరూ ఆ గదిలో నన్నలా పిలవలేదు.

జూలైలో ఆర్విల్ అతన్ని గదిలోకి పిలిచి అడిగాడు, తలుపు అవతల నుంచి నాకు వినపడింది.

"బాబూ, బంతి నీకు ఎలా కావాలో చెప్పు."

"మీరు ఎలా చేస్తే అలాగే సర్."

"మెత్తగానా, గట్టిగానా? నూనె ఎక్కువా, తక్కువా?"

"హాల్వర్సన్ గారికి చేసినట్టే చెయ్యండి సర్. అది చాలు నాకు."

ఆర్విల్ మొహం వెలిగిపోయింది. చాలా నెలల తరవాత అలా చూశాను. ఆ వారమే మూడు పెట్టెల బంతులు తెప్పించుకుని, గంటల తరబడి తోమడం మొదలుపెట్టాడు. ఆగస్టులో లెక్కకి రాని సన్నాహపు ఆటల్లో కొత్తవాణ్ణి కాసేపే ఆడించి కూర్చోబెట్టారు కాబట్టి ఏమీ బయటపడలేదు.

సాధనలో కుర్రాడు అద్భుతంగా ఉండేవాడు. బుధవారం మైదానంలో అతను విసురుతుంటే ముసలి శిక్షకులు కూడా మాటలు ఆపేసి చూసేవాళ్ళు. సాధనకి వాడే బంతులు ఆర్విల్ చేసేవి కావు. పెట్టెలోంచి తీసి, పొడి బ్రష్షుతో పది నిమిషాలు గీకి మైదానంలో పడేసేవాళ్ళు. ఆ సంగతి అప్పట్లో ఎవరూ ఆలోచించలేదు. నేనూ ఆలోచించలేదు.

అసలు ఆటలు ఆదివారాలు. మొదటి ఆట మా ఊళ్ళోనే. ఏబెల్ చేతిలోంచి బంతి రెండుసార్లు జారింది. ఒకటి అవతలివాళ్ళు తీసుకుని నేరుగా గీత దాటేశారు. ఇరవై మూడు, పదితో ఓడిపోయాం. రెండో ఆట పరాయి ఊళ్ళో. ఒకసారి జారింది, రెండుసార్లు విసిరింది అవతలివాళ్ళ చేతుల్లో పడింది. ఇరవై, పదమూడు. రేడియోలో ఆటల గురించి అరిచే ఆయన కుర్రాడికి "బుధవారం వీరుడు" అని పేరు పెట్టాడు. సోమవారం కల్లా ఊరంతా అదే పేరు.

ఆ శుక్రవారం మేమందరం వాలీ దుకాణంలో చేపల వేపుడు తింటున్నాం. ఆర్విల్, వెర్లా, నేను, ఎదురుగా క్లెమ్ డూఫెక్. క్లెమ్ ఆర్విల్‌తో కలిసి తోళ్ళ కార్ఖానాలో పనిచేసినవాడు, నోటికి హద్దు లేదు.

"ఏరా ఆర్విల్, బంతికి వెన్న రాస్తున్నావట్రా?"

అందరూ నవ్వారు. ఆర్విల్ కూడా నవ్వాడు.

"వెన్న నీ రొట్టెకే సరిపోవడం లేదు, బంతికెక్కడ రాస్తాను? పద్నాలుగేళ్ళు ఇదే బంతిరా. ఇదే నూనె, ఇదే చెయ్యి."

"అయితే కుర్రాడికే దమ్ము లేదంటావు."

"నేను అనలేదు."

"అనక్కర్లేదు. డ్యూయీ కూర్చున్న కుర్చీ అది. ఎవడు కూర్చున్నా కాళ్ళు నేలకి అందవు."

ఆర్విల్ క్యాబేజీ పచ్చడి కలుపుకుంటూ కూర్చున్నాడు. లోలోపల ఆయనకీ అదే అనిపిస్తోందని నాకు అర్థమైంది. అలా అనుకోవడం ఆయనకి ఎందుకో కొంచెం బాగానే ఉందని కూడా.

మూడో ఆట మళ్ళీ మా ఊళ్ళో. అది చూడలేకపోయాం. ముప్ఫై ఒకటి, ఆరు. కుర్రాడి చేతిలోంచి బంతి ఒకసారి జారింది, మూడుసార్లు గాలిలో ఎటో పోయి అవతలివాళ్ళకి దొరికింది. నేను ఆటగాళ్ళు లోపలికి వచ్చే దారి దగ్గర మారుజతల బుట్టతో నిలబడి ఉన్నాను. నాలుగు భాగాల ఆటలో మూడో భాగం అయ్యేసరికి జనం "డ్యూయీ! డ్యూయీ!" అని కేకలు మొదలుపెట్టారు. ఎక్కడో కొండల్లో ఇల్లు కట్టుకుని కూర్చున్న మనిషిని పిలిస్తే వస్తాడా? ఏబెల్ తల దించుకోలేదు. కానీ చెయ్యి మాత్రం ఊరికే తొడకి తుడుచుకుంటూ ఉన్నాడు. బంతి అందుకోబోయే ముందు ఒకసారి, విసిరాక ఒకసారి.

మర్నాడు పొద్దున్న బట్టలు విడదీస్తుంటే నాకు ఆ చెయ్యి గుర్తొచ్చింది. అతని లాగు తీసి చూశాను. కుడి తొడ మీద గోధుమరంగు చారలు, ఒకదాని మీద ఒకటి. నడుముకి దోపుకునే చేతిగుడ్డ అయితే కాఫీలో ముంచినట్టుంది. పచ్చిక మరక ఆకుపచ్చగా ఉంటుంది, బురద నల్లగా ఉంటుంది, నెత్తురు సంగతి చెప్పక్కర్లేదు. ఇది అవేవీ కాదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే తోలు నూనె వాసన. డ్యూయీ గుడ్డలు ఎన్ని వందలు ఉతికానో నేను. అవి ఎప్పుడూ తెల్లగానే తిరిగొచ్చేవి. అతను బంతి పట్టుకుంటే పట్టుకోవడమే, చెయ్యి తుడుచుకునే అలవాటే లేదు. కుర్రాడి సాధన బట్టలు కూడా తీసి చూశాను. ఒక్క చార లేదు.

గుడ్డ తీసుకుని పక్క గదిలోకి వెళ్ళాను. ఆర్విల్ అప్పుడే నాలుగో ఆట బంతులకి నూనె డబ్బా మూత తీస్తున్నాడు.

"ఇది చూడు ఆర్విల్."

చూశాడు. "ఏంటది, మరక పోవడం లేదా?"

"పోతుంది. అది కాదు నేను చెప్పేది. కుర్రాడు ఆట మొత్తం చెయ్యి తుడుచుకుంటూనే ఉన్నాడు. ఆదివారం మాత్రమే. బుధవారం తుడుచుకోడు."

గుడ్డని పక్కకి నెట్టాడు. "నా బంతి ఎవరికీ మరక అంటించదు నోరీన్. పందొమ్మిదేళ్ళు కార్ఖానాలో, ఇరవై నాలుగేళ్ళు ఇక్కడ. నువ్వు బట్టలు చూసుకో."

నాకూ కోపం వచ్చింది. గుడ్డ ఆయన బల్ల మీద పడేసి వచ్చేశాను. ఆ రోజు అన్నం వేళకి మాట్లాడుకోలేదు. జీవితంలో మొదటిసారి ఆ తలుపు నెమ్మదిగా మూసుకోవడం విన్నాను.

మంగళవారం పొద్దున్న నేను వచ్చేసరికి ఆర్విల్ నా గదిలో, నా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ముందు బట్టలు మడతపెట్టే బల్ల మీద ఆరు బంతులు. పక్కన తెల్లటి కొత్త గుడ్డలు ఆరు.

"నీ గుడ్డలు తీసుకున్నాను, ఏమనుకోకు."

"వాటికేం, చాలా ఉన్నాయి. ఏంటిదంతా?"

డ్యూయీ కోసం చేసినట్టు చేసిన బంతిని ఒక గుడ్డతో గట్టిగా రుద్ది చూపించాడు. గుడ్డ మీద లేతగా గోధుమరంగు అంటింది. "పూర్వం ఇంత అంటేది కాదు. ఈ ఏడు నేను నూనె ఎక్కువ పట్టించాను. ఇంకా బావుండాలి, ఇంకా బావుండాలి అని. ఎవరికి ఇంకా బావుండాలో మాత్రం చూసుకోలేదు." చేతులు లాగు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు. "కుర్రాణ్ణి ఇక్కడికి పిలుస్తావా? నా గదిలోకి వస్తే మళ్ళీ 'బావున్నాయి సర్' అంటాడు. ఇక్కడైతే యంత్రాల మోతలో కొంచెం ధైర్యంగా మాట్లాడతాడేమో."

మంగళవారం ఆటగాళ్ళకి సెలవు. అయినా ఏబెల్ పొద్దున్నే వచ్చి ఓడిన ఆటని తెర మీద మళ్ళీ మళ్ళీ చూసుకుంటున్నాడు. మేడమ్ పిలిచిందంటే పరిగెత్తుకొచ్చాడు, సాక్సులేమైనా పోయాయేమో అనుకుని.

"కూర్చో బాబూ," అన్నాడు ఆర్విల్. "కళ్ళు మూసుకో. ఇవి ఆరూ ఒక్కొక్కటే చేతికిస్తాను. ఆదివారం ఏది కావాలో చెప్పు. నేను చేసినవన్నీ మర్చిపో. డ్యూయీని మర్చిపో."

మొదటిది చేతిలో పెట్టాడు. "బావుంది సర్."

"బావుంది అనే మాట ఈ గదిలో వద్దు. చిరాకు పుట్టిందా లేదా, అది చెప్పు."

కుర్రాడు కళ్ళు మూసుకునే నవ్వాడు. రెండోది ఇచ్చాక "కొంచెం పుట్టింది సర్" అన్నాడు. మూడోది తిప్పి తిప్పి చూసి తల అడ్డంగా ఊపాడు. నాలుగోది, అదే డ్యూయీ బంతి, పట్టుకోగానే తెలియకుండానే చెయ్యి తొడకి తుడుచుకున్నాడు. నేనూ ఆర్విలూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అయిదోది చేతిలో పెట్టగానే వేళ్ళు ఆగిపోయాయి. బొటనవేలు తెల్లటి కుట్టు మీద నిలిచింది. బంతిని చెవి దాకా ఎత్తి విసరబోయినంత పని చేశాడు.

"ఇది సర్."

కళ్ళు తెరిచాడు. ఎర్రగా, గరుకుగా, తోలు మీది గింజల్లాంటి బుడిపెలు ఇంకా నిక్కబొడుచుకుని ఉన్న బంతి. ఒక్క చుక్క నూనె లేదు. పొడి బ్రష్షు, తడిగుడ్డ, అంతే. ఆర్విల్ ఆ ఆరింట్లో అరగంటలో చేసిపారేసింది అదొక్కటే.

"మూడు ఆటలు," అన్నాడు ఆర్విల్. "మూడు ఆటలు ఎందుకు చెప్పలేదు?"

ఏబెల్ బంతి వైపే చూస్తూ అన్నాడు, "హాల్వర్సన్ గారు వీటితోనే గెలిచారు కదా సర్. జారుతున్నది నా చెయ్యి అనుకున్నాను. మీరు వారమంతా కూర్చుని చేస్తారు. నేను కిటికీలోంచి చూస్తూ ఉంటాను. అంత కష్టపడి చేసిపెడుతుంటే బాగోలేదని ఎలా అంటాను?"

నా యంత్రం ఒకటి నీళ్ళు వదిలి, తిరిగి, ఆగిపోయింది.

"నేను వారమంతా కూర్చుని చేసింది వాడికోసం," అన్నాడు ఆర్విల్. "నీకోసం కాదు. వాడు వెళ్ళిపోయి ఏడు నెలలైంది, నా చేతులు ఇంకా వాడికే చేస్తున్నాయి. తప్పు నాది బాబూ."

"కాదు సర్..."

"నాది. ఒప్పుకోనీ. నీకు సర్ అనడం అలవాటు, నాకు ఒప్పుకోవడం అలవాటు లేదు. ఇద్దరం కొత్తగా నేర్చుకుందాం."

గురువారం మధ్యాహ్నం ఆర్విల్ పెద్ద శిక్షకుడు మిల్ట్ శాండ్‌స్ట్రమ్ గదికి వెళ్ళబోతుంటే నేను అడ్డుపడ్డాను. ఎవరూ అడగని దానికి వెళ్ళి ఎందుకు చెప్పుకోవడం, ఇంకో నాలుగేళ్ళు నెమ్మదిగా పనిచేసి పోక అన్నాను. "ఊరంతా కుర్రాణ్ణి అంటోంది నోరీన్. ఒక్కడైనా నన్ను అనాలి కదా," అని వెళ్ళాడు. పావుగంటలో తిరిగొచ్చాడు. మొహం చూస్తే తిట్లు తిన్నట్టూ లేదు, మెప్పు పొందినట్టూ లేదు.

"ఏమన్నాడు?"

"మూడు ఆటల్లో నాలుగుసార్లు బంతి జారింది, ఆ నాలుగూ నీ ఖాతాలో వేసుకో ఆర్విల్ అన్నాడు. మిగతా దరిద్రమంతా నాదీ కుర్రాడిదీ, దాంట్లో వాటా అడక్కు అన్నాడు. వెళ్ళి పని చూసుకోమన్నాడు."

ఆ మాటకి ఇద్దరం ఎంత నవ్వుకున్నామో! ఆ తలుపు మళ్ళీ తెరుచుకుంది.

మిగిలిన మూడు రోజులూ ఆర్విల్ ఇరవై నాలుగు బంతులు కొత్తగా చేశాడు. ఆయనకి అన్నిటికన్నా కష్టమైంది ఏమిటంటే, తక్కువ చెయ్యడం. నూనె డబ్బా వైపు చెయ్యి పోతుంటే వెనక్కి లాక్కునేవాడు. ఆఖరికి ఆ డబ్బా తెచ్చి నా అలమరలో పెట్టి, "అడిగినా ఇవ్వకు" అన్నాడు. శనివారం రెండుసార్లు అడిగాడు. ఇవ్వలేదు.

నాలుగో ఆటకి వచ్చినవాళ్ళు అప్పటిదాకా ఒక్క ఆట కూడా ఓడని జట్టు. సరస్సు మీంచి చల్లగాలి. జనం వచ్చారు కానీ ఉత్సాహంగా రాలేదు, దూరపు చుట్టం ఇంట్లో చావుకి వచ్చినట్టు వచ్చారు. నేను మామూలుగా నా బుట్టతో దారి దగ్గర ఉన్నాను. ఆర్విల్ గీత పక్కన బంతుల సంచి దగ్గర. ఆయన ఆటని ఎప్పుడూ చూడడు. విసిరేవాడి వేళ్ళు చూస్తాడు, బంతి చెయ్యి వదలగానే ఆయన ఆట అయిపోతుంది.

ఏబెల్ మొదటి బంతి విసిరాడు. అందుకోవాల్సినవాడి తల మీంచి మూడు గజాలు ఎత్తున పోయింది. జనం మూలిగారు. కానీ నేను చూశాను, అతను తొడకి చెయ్యి తుడుచుకోలేదు. పట్టు మరీ బాగా కుదిరి ఎక్కువ దూరం పోయింది, అంతే. రెండో భాగంలో ఒకటి తిన్నగా అవతలివాడి గుండెల మీదకి విసిరాడు. వస్తూ వస్తూ ఆర్విల్ పక్కన ఆగి అరిచాడు.

"ఇది మాత్రం నాదే సర్! బంతిని ఏమీ అనకండి!"

సగం ఆటకి పదిహేడు, ఏడు, మేం వెనక. అయినా ఎందుకో భయం వెయ్యలేదు. కుర్రాడు తన పాటికి తాను ఆడుతున్నాడు. ఎనిమిది గజాలు, పన్నెండు గజాలు, మళ్ళీ ఎనిమిది. మీద పడుతున్నవాళ్ళని చూసి కంగారుపడకుండా బంతిని రెండు చేతులా పొదువుకుని కింద పడేవాడు, లేచేవాడు. అలా లాక్కుంటూ వచ్చి ఇరవై నాలుగు, ఇరవై దగ్గర నిలిచాం, ఇంకా మేమే వెనక. రెండు నిమిషాలు మిగిలాయి. డెబ్బై నాలుగు గజాలు పోవాలి.

పోయాడు. ఒక్కో బంతికీ జనం లేచి నిలబడుతున్నారు, కూర్చోవడం మర్చిపోతున్నారు. చివరి పదకొండు గజాలకి అతను కుడివైపు పరిగెత్తి, కాళ్ళు నిలదొక్కుకోకుండానే, ఇద్దరి మధ్య చెయ్యి పట్టేంత సందులోంచి విసిరాడు. అటువైపు మావాడు గీత మీద దొర్లుతూ పట్టుకున్నాడు. ఇరవై ఏడు, ఇరవై నాలుగు. ఆ కేకలకి నా బుట్ట ఎవరు తన్నేశారో తెలియదు, మారుజతలన్నీ నేల మీద. ఆర్విల్ ఏం చేస్తున్నాడా అని చూశాను. చేతులు కట్టుకుని, సంచి మీద కూర్చుని, తన బూట్ల వైపు చూసుకుంటూ నవ్వుకుంటున్నాడు.

రేడియో ఆయన మర్నాడు కుర్రాడికి గుండె ధైర్యం వచ్చిందన్నాడు. పత్రికలో శిక్షకుడు ఎత్తుగడ మార్చాడని రాశారు. విలేఖరులు ఏం మారిందని అడిగితే ఏబెల్ "ఏం లేదు సర్, వారం బాగా గడిచింది" అన్నాడు. ఆర్విల్ ఆ ముక్క చదివి, "చూశావా, నోరు జారడు కుర్రాడు" అని మురిసిపోయాడు. వాలీ దుకాణంలో క్లెమ్ మాత్రం వదల్లేదు.

"ఏరా, వెన్న మానేశావా?"

"మానేశాన్రా," అన్నాడు ఆర్విల్. "నువ్వు చెప్పింది నిజమే. మొదటిసారి నీ జీవితంలో." క్లెమ్‌కి ఏమీ అర్థం కాలేదు. తనని గేలి చేస్తున్నాడనుకుని బీరు ఇప్పించమని గొడవ పెట్టుకున్నాడు.

ఆ ఏడు తొమ్మిది గెలిచాం, ఎనిమిది ఓడాం. ఒక్క గెలుపు తక్కువై పైఅంచె పోటీలకి పోలేదు. ఊరు దానికేమీ బాధపడలేదు. కుర్రాడు నిలబడ్డాడు, అది చాలు. ఇక ఆర్విల్ కష్టాలు వేరే మొదలయ్యాయి. ఏబెల్‌కి చెప్పడం అలవాటైపోయింది. శుక్రవారం వచ్చి, ఇది కాస్త బరువుగా ఉంది సర్, దీని కుట్టు ఇంకొంచెం పైకి ఉంటే బావుండు సర్, ఇది నిన్నటిదాకా బానే ఉంది ఇవాళ ఏమైంది సర్ అని ఇరవై నాలుగింటిలో ఆరు పక్కన పడేసేవాడు.

"నోరు తెరవమన్నది నేనే కదా, అనుభవించాలి," అని ఆర్విల్ నాతో మొరపెట్టుకునేవాడు. మొరపెట్టుకుంటూ, ఆ ఆరూ మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. శుక్రవారాలు మళ్ళీ సరిగ్గా తింటున్నాడని వెర్లా చెప్పింది.

ఆ తరవాత మూడేళ్ళు పనిచేసి ఆర్విల్ విరమించుకున్నాడు. ఆయన చోటికి గుర్రపు జీనులు కుట్టే ఇంట్లో పుట్టి పెరిగిన ఒకావిడ వచ్చింది. మూడు వారాలు పక్కన కూర్చోబెట్టుకుని పని చూపించాడు. ఆఖరి రోజు ఆవిడకి చెప్పింది నేను విన్నాను: "వచ్చినవాడి చెయ్యి ముందు చూడమ్మా. తరవాత తోలు చూడు."

పోయిన శరత్కాలంలో ఒక ఆదివారం నాకు సెలవు దొరికి వాళ్ళింటికి వెళ్ళాను. వెర్లా బంగాళాదుంపల సూపు చేసింది. ఆర్విల్ సోఫాలో కాళ్ళు చాపుకుని టీవీలో మా జట్టు ఆట చూస్తున్నాడు. నలభై ఏళ్ళ పెళ్ళిలో ఆదివారం మధ్యాహ్నం మొగుడు ఇంట్లో ఉండడం వెర్లాకి ఇంకా అలవాటు కాలేదు, అస్తమానం వచ్చి చూసి వెళుతోంది. ఏబెల్ పొడుగ్గా ఒకటి విసిరాడు, బంతి గాలిలో ఉండగా ఆర్విల్ మొదటిసారి అది ఎక్కడ పడుతుందా అని కళ్ళతో వెంబడించడం చూశాను. అంతలో ఆట ఆగి ప్రకటనలు వచ్చాయి. కారు, మందు బిళ్ళలు, మళ్ళీ కారు.

"ఇదేంటి నోరీన్," అన్నాడు నిజంగా ఆశ్చర్యపోయి, "మీరందరూ ఇన్నేళ్ళూ ఇవన్నీ చూస్తూ కూర్చున్నారా?"

"కూర్చున్నాం మరి."

"పాపం," అన్నాడు, సూపు గిన్నె ఇంకోసారి నింపమని వెర్లాకి అందిస్తూ.